ఉప్పు తిన్నవాళ్ళు

పుంతా అరేనస్‌లో గాలి ముదిరిన రోజున
మునిసిపాలిటీ వాళ్ళు వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
మనుషులు కొట్టుకుపోకుండా.
పైఊరివాళ్ళు ఫొటోలు తీసుకుంటారు.
మేం పట్టుకుని నడుస్తాం, అంతే.

నా పేరు ఎదుల్బీనా. బట్టలు కుడతాను.
పొద్దున ఒకటి, రాత్రి ఒకటిన్నర,
తెల్లటి బిళ్ళలు. లిథియం.
ఉత్తరాన ఎడారిలో, ఉప్పు మడుల్లోంచి
మా తమ్ముడు రిగోబెర్తో తోడేదీ అదే.
వాడు తోడింది ఫోన్ల బ్యాటరీల్లోకి పోతుంది.
"నువ్వూ నా ఫోనూ ఒకే ఉప్పు తింటున్నారక్కా" అని నవ్వుతాడు.
నవ్వాక కాసేపు
లైన్లో ఎడారి ఒక్కటే వినిపిస్తుంది.

ఆ జూన్ నెలలో
నాకిక నిద్ర అక్కర్లేదని తెలిసిపోయింది.
తొమ్మిది రాత్రులు.
రేకుల కప్పెక్కి, మంచు గీకి పారేస్తూ
ఇల్లంతటికీ పసుపు రంగు పూశాను.
పదిహేడు పెళ్ళి గౌన్లు కుట్టాను,
ఒక్క పెళ్ళికూతురూ అడక్కుండానే.
ఎవరి కొలతలే ఇవి అంటే
రాబోయేవాళ్ళవి అన్నాను.
అబద్ధమెందుకు, అంత వెలుగు మళ్ళీ చూడలేదు.
దారం నా వేళ్ళకన్నా ముందే పరిగెత్తేది.
ఇప్పటికీ ఒక్కో రాత్రి దాని గుమ్మం దాకా పోయి
తలుపు తట్టకుండా తిరిగొస్తాను.

తర్వాత పడ్డాను.
పడితే చప్పుడవుతుందనుకుంటారు జనం.
ఒక బూటు కాలికి, రెండోది చేతిలో,
మంచం అంచున కూర్చున్నాను
బుధవారం నుంచి శుక్రవారం దాకా.
అంతే జరిగింది.
పదింటికి తెల్లారి ఐదున్నరకి చీకటిపడే ఊళ్ళో
ఒక మనిషి లేవకపోతే ఎవరికి తెలుస్తుంది?

పక్కింటి ఎర్మిందాకి తెలిసింది.
నా పొగగొట్టం ఊరుకుందని.
తలుపు బాదలేదు, పేరు పెట్టి పిలవలేదు.
కిటికీ ఎత్తి కట్టెల మోపు లోపలికి తోసింది.
దాని వెనకే తనూ దిగింది,
డెబ్బై రెండేళ్ళ మనిషి, స్కర్టు కొక్కేనికి పట్టుకుంటే
నన్నే తిట్టుకుంటూ.

"నీళ్ళు బాగా తాగు" అంది డాక్టరు.
తాగక చస్తానా,
ఉప్పు తిన్నదాన్ని.
మూడు నెలలకోసారి రక్తమిస్తాను.
కాగితం మీద సున్నా పాయింట్ ఏడు అని ఉంటే
ఆ రోజు సీతాఫలం కొనుక్కుంటాను, ఎంత ఖరీదైనా.
మధ్యలో ఒకసారి మానేశాను,
బాగానే ఉన్నాను కదా అని.
ఆ కథ చెప్పను.
ఎర్మిందా కిటికీ కొక్కేన్ని అడగండి.

చేతులు వణుకుతాయి.
సూది బెజ్జం నా మాట వినదు.
ఎర్మిందా మనవరాలు అయెలెన్ బడికి పోతూ పోతూ
పన్నెండు సూదులకి దారం ఎక్కించి
దిండుకి గుచ్చి పోతుంది.
పన్నెండూ అయిపోతే ఆ రోజుకి నా పనీ అయిపోయినట్టే.
మొదట్లో ఏడ్చాను దీనికి.
ఇప్పుడు బేరం కూడా చేస్తున్నాను:
శుక్రవారం పద్నాలుగు ఎక్కించవే, జీన్సు ప్యాంట్లున్నాయి.

గౌన్లు పదహారు అమ్ముడుపోయాయి.
నిజంగానే వచ్చారు, రాబోయేవాళ్ళు.
పదిహేడోదానికి ఒక చెయ్యి జానెడు పొడుగు.
తొమ్మిదో రాత్రి కుట్టింది అయ్యుంటుంది.
దాన్ని చుట్టచుట్టి, గాలి దూరకుండా
తలుపు సందులో కుక్కాను.

నిన్న మళ్ళీ తాళ్ళు కట్టారు.
నా ముందు ఒక కుర్రాడు, మెడలో ఆఫీసు కార్డు,
తాడు పట్టుకుని ఆగిపోయాడు.
గాలి తగ్గినా కదల్లేదు.
ఆ నిలబడటం నాకు తెలుసు.
నా చేతి వణుకు
తాడు వెంట పాకి అతని చేతిని తాకినట్టుంది,
వెనక్కి తిరిగి చూశాడు.

మంచి మాట ఒకటి వెతికాను. దొరకలేదు.
"నడు బాబూ" అన్నాను,
"నా వెనకావిడ సంచిలో రొట్టెలు చల్లారిపోతున్నాయి."